బస్తా నడుమ

నాలుగు దేశాలు మా కమిషన్ కొట్టు బల్లమీద
నాలుగు రోజులుగా ఆరుతున్నాయి.
దక్షిణాఫ్రికా మీద టీ గ్లాసు,
న్యూజిలాండ్ మీద తూకం చీటీల కట్ట.
ఫిలిప్పీన్స్ ఫ్యాను గాలికి రెండుసార్లు లేచి
మిర్చి టిక్కీల మధ్య దిగింది,
నాకన్నా ముందే.

అన్నిట్లోనూ ఆకాశం ఒకటే నీలం.
అన్నిట్లోనూ తెల్లచొక్కా, భుజాలమీద పట్టీలు,
పళ్ళన్నీ కనబడేలా నవ్వే ఒకటే కుర్రాడు.
"వీడు అన్నిచోట్లా చదివాడా?" అన్నాడు నాన్న.

బ్రాడీపేట ఏజెంటు చల్లటి గదిలో కూర్చోబెట్టి
"పది నెలల్లో రెండొందల గంటలు, గ్యారంటీ మేడమ్" అన్నాడు.
మేడమ్ అన్నందుకు ఒక్క క్షణం నమ్మాను.
విమానాలెన్ని అంటే, చాలా అన్నాడు.
ఎగిరేవెన్ని అంటే, బాదంపాలు తెప్పించాడు.

నాన్న పేరు నాగూర్ వలి.
ముప్పై ఏళ్ళుగా గుంటూరు యార్డులో
కాయ చూసి ధర చెబుతాడు.
తేజాని ఘాటుతో పడతాడు, బాడిగిని ముడతతో.
గింజ గలగల విని తేమ ఎంతో చెప్పేస్తాడు.
విమానం ఎక్కలేదు, ఎక్కుతాననీ అనలేదు.
బ్రోచర్ మూలని రెండు వేళ్ళ మధ్య నలిపి,
"పైకాయ అందరిదీ బాగానే ఉంటుందమ్మా.
బస్తా నడుమ చెయ్యి పెట్టు" అన్నాడు.

పెట్టాను.
ఎవరెవరినో అడిగితే పొన్నూరు అబ్బాయి నెంబరు దొరికింది.
పేరు ఎక్కడా చెప్పొద్దన్నాడు.
మనకి రాత్రి పదకొండు, అక్కడ ఒకటిన్నర.
గదిలో లైటు తీయలేదు, తను నిద్రపోలేదు.
వెళ్ళి పద్నాలుగు నెలలు,
లాగ్‌బుక్కులో అరవై మూడు గంటలు.
ఆరు విమానాల్లో లేచేవి రెండు.
ఒకదానికి ఇంజను రావాలి,
ఒకదానికి వాన ఆగాలి,
నేర్పే ఆయనకి ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాడు.
"చొక్కా మాత్రం మొదటిరోజే ఇచ్చారక్కా" అని నవ్వాడు.
పళ్ళు కనబడలేదు.

ఇంటికి ఏం చెప్పావు అని అడగబోయి
ఊరుకున్నాను.

మర్నాటి నుంచి అన్ని బళ్ళకీ అవే ప్రశ్నలు:
ఏడాదిలో ఎగరలేని రోజులెన్ని?
ఒక్కో విమానానికి ఎంతమందిమి?
మధ్యలో ఆగిపోతే కట్టింది తిరిగొస్తుందా?
మీ లైసెన్సు ఇక్కడికి మార్చుకోడానికి ఎన్నాళ్ళు?
ఒకరు డిస్కౌంటు పంపారు.
ఒకరు మళ్ళీ అదే బ్రోచర్ పంపారు.
ఒకరు రజియాని రోజీ చేసి
అభినందనలు కూడా చెప్పేశారు.

దక్షిణాఫ్రికాలో సముద్రం పక్క చిన్న ఊరు.
అక్కడి నుంచి ఒక పెద్దావిడ తనే ఫోన్ చేసింది.
యార్డు కోరుకి నేను వరసగా తుమ్ముతుంటే
అయ్యేదాకా ఆగి మొదలుపెట్టింది:
మా దగ్గర గాలి ఎక్కువ, యాభై రోజులు పోతాయి.
పదకొండు విమానాలు, అందులో రెండు ముసలివి.
పది నెలలు కాదు, పద్నాలుగు అనుకో.
డబ్బంతా ఒకేసారి పంపకు,
ఎగిరిన గంటలకే కట్టు.

నాన్నకి చెప్పాను.
రూపాయల్లోకి మార్చకముందే తలూపాడు.
"తాలు ఉందని ముందే చెప్పినవాడి సరుకు
కళ్ళు మూసుకుని కొనొచ్చు."
మళ్ళీ తనే, "కళ్ళు మూసుకోకు,
ఆ ఊళ్ళో చదివే పిల్లలతో కూడా మాట్లాడు" అన్నాడు.

మెడికల్ పరీక్షలో
రంగుచుక్కల పుస్తకం తెరిచి అంకె చెప్పమన్నారు.
నవ్వొచ్చింది.
ఎరుపులోంచి ఎరుపుని విడదీయడం
నేను అక్షరాలకన్నా ముందు నేర్చుకున్నాను.

ఏటుకూరు రోడ్డు స్థలం కాగితాలు
బ్యాంకు బల్లమీదికి జరిగిన రోజు
నాన్న అన్నిచోట్లా సంతకం పెట్టాడు.
కలం మూత పెట్టాక
కుడిచెయ్యి కంటిదాకా లేచింది, సగంలో ఆగింది.
యార్డు మనుషులం,
మా ఇంట్లో ఎవరూ చేత్తో కళ్ళు తుడుచుకోరు.

భుజమ్మీది చొక్కాకి మొహం అద్దుకుని,
"వడ్డీ ఎప్పట్నుంచి పడుద్దండీ?"
అన్నాడు.